స్లొవేనియాలో ఎవరికీ ఆనందం కలగలేదు

ప్రభుత్వానికి ఆనందం మీద కోపం రావడానికి ఒక టోపీ కారణం.

అది గడ్డితో అల్లిన వెడల్పాటి టోపీ. మురుగునీటి పారుదల మీద అధ్యయనానికని ఏదో సముద్రతీర దేశానికి వెళ్ళిన అధికారుల్లో ఒకాయన దాన్ని నెత్తిన పెట్టుకుని, పడవ అంచున నిలబడి, చేతులు రెండూ బార్లా చాపి, ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి ఫొటో దిగాడు. దిగినవాడు దిగి ఊరుకోవచ్చుగా! బావమరిదికి పంపాడు. బావమరుదులు ఉన్నది ఎందుకు మరి? తెల్లారేసరికి ఆ ఫొటో రాష్ట్రమంతా తిరిగింది. 'మురుగు ఇంత సరదాగా ఉంటుందా?' అని పేపర్లు అడిగాయి. శాసనసభలో ఆ టోపీ మీద ఒక పూటంతా చర్చ జరిగింది.

ఇంకో ప్రభుత్వమైతే విదేశీ యాత్రలే రద్దు చేసేది. మనది ఆలోచించే ప్రభుత్వం. ఆర్థిక శాఖ ప్రత్యేక కార్యదర్శి నరహరిశాస్త్రి గారు విషయాన్ని ముందు నుంచీ వెనక నుంచీ పరిశీలించి, తప్పు యాత్రలో లేదనీ నవ్వులో ఉందనీ తేల్చారు. యాత్ర ఆపితే అభివృద్ధి కుంటుపడుతుంది. నవ్వు ఆపితే ఏదీ కుంటుపడదు. వెంటనే ఉత్తర్వు వెలువడింది.

'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, అధ్యయన యాత్రకు వెళ్ళు అధికారి అధ్యయనము మాత్రమే చేయవలెను. యాత్రాకాలమందు సదరు అధికారికి ఆనందము కలిగినచో, సదరు యాత్ర విహారముగా పరిగణింపబడి, సదరు అధికారిపై క్రమశిక్షణ చర్య గైకొనబడును. ఆనందము అనగా: పళ్ళు కనబడుట, ఆహా, ఓహో, అబ్బ మొదలగు ధ్వనులు వెలువడుట, తగిన కారణము లేక ఒకే దిక్కునకు చాలసేపు చూచుట, కూనిరాగము తీయుట, ఇంటికి ఫోను చేసి నువ్వు కూడ ఉంటే బాగుండేది అనుట.'

ఈ చివరిదాని మీద న్యాయశాఖ అభ్యంతరం చెప్పింది. భార్యతో ఆ మాట అనడం ఆనందం కిందికి రాదనీ, జాగ్రత్త కిందికి వస్తుందనీ వాళ్ళ వాదన. చాలా చర్చ జరిగి, భార్యతో అనవచ్చుననీ, మిగతా ఎవరితో అన్నా ఆనందమేననీ సవరణ వచ్చింది.

మరి కలిగిందో లేదో ఎవరు చూడాలి? అందుకు ప్రతి బృందంతో పాటూ ఒక ఆనంద పరిశీలకుణ్ణి పంపాలన్నారు. ఆ ఉద్యోగానికి ఎవరు తగినవాడా అని వెతకాల్సిన పని కూడా లేకపోయింది. సచివాలయంలో ఎవర్ని అడిగినా ఒకే పేరు చెప్పారు. ఆడిట్ శాఖ భుజంగరావు.

భుజంగరావు దుర్మార్గుడేం కాదు, పాపం. ఎవరి మీదా అనవసరంగా పెన్ను పెట్టి ఎరగడు. నవ్వకపోవడం ఆయన నియమం కూడా కాదు. కుర్రతనంలో పనిలో పడి, నవ్వడం తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టాడు. పెట్టినచోటు మర్చిపోయాడు. అంతే. ఆయన వరండాలో నడిచి వస్తుంటే ఆఫీసులో పుట్టినరోజు కేకులు బీరువాల్లోకి వెళ్ళిపోయేవి. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన రికార్డు మీద ఒక్క మచ్చ లేదు. జాయింట్ డైరెక్టర్ పదవికి తయారవుతున్న జాబితాలో మొదటి పేరు ఆయనదే.

ఆయనకు అప్పగించిన మొదటి బృందం ప్రకృతి దర్శన శాఖది. వెళ్ళేది స్లొవేనియాకి. 'అదెక్కడుందండీ?' అని శాఖలోనే చాలామంది అడిగారు. ఇటలీ పక్కన, ఆల్ప్స్ కొండల చివర, మన రెండు మూడు జిల్లాలంత దేశం. కొండల్లో కాలిబాటలు వేసి, నదుల్లో పడవలు వేసి, వచ్చినవాళ్ళకి గుడిసెల్లో వేడి సూపు పోసి హాయిగా బతుకుతున్న దేశం. అక్కడి కాలిబాటలే చూసి రావాలని పట్టుపట్టింది కిల్లో పుష్పలత.

పుష్పలత పాడేరు ఏజెన్సీ పిల్ల. చదువుకుని, పరీక్ష రాసి, ప్రకృతి దర్శన శాఖలోనే అధికారిణి అయింది. వాళ్ళ ఊరు పనసగెడ్డ నుంచి కొండల మీదుగా నాలుగైదు గూడేలను కలుపుతూ ఒక నడకదారి వేయాలనీ, వచ్చినవాళ్ళు గూడేల్లో ఇళ్ళలోనే బస చేయాలనీ ఆమె పథకం. ఆమె మాట నమ్మి గూడెంలో పెద్దమ్మలూ పిన్నమ్మలూ గదులకు సున్నాలు కొట్టించి, కొత్త రగ్గులు కొని మడతలు పెట్టి కూర్చున్నారు. ఫైలు మాత్రం కూర్చోలేదు, టేబులు టేబులు తిరుగుతూనే ఉంది. చివరికి శాస్త్రి గారి దగ్గర ఆగింది. ఆయన దాని మీద ఇలా రాశారు: 'కాలినడకన పోవు దారి ప్రజలను ఆకర్షించునా? బృందము అట్టి దారిని నడిచి, స్వానుభవముతో రుజువు చేయవలెను. రుజువు కానిచో ఈ ఫైలు శాశ్వతముగా మూసివేయబడును.'

ఆ రెండు ఉత్తర్వులూ ఒక్క చేత్తోనే రాశారు. రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయని ఎవరికీ తట్టలేదు.

బృందానికి నాయకుడు డైరెక్టర్ చక్రపాణి గారు. మనిషి భారీ. మనసు అంతకన్నా భారీ. ఇడ్లీ మీద నెయ్యి వేస్తుంటేనే కళ్ళు మెరిసే మనిషి. అలాంటివాడికి ఆనందించకుండా ఉండడం ఎంత కష్టమో ఆలోచించండి. ఇంకా ఒక సివిల్ ఇంజినీరు, ఒక ఎలక్ట్రికల్ ఇంజినీరు. వీళ్ళిద్దరూ దేనికైనా ఒక్కసారే తలూపుతారు.

విమానం దిగగానే చక్రపాణి గారు అందర్నీ ఒక మూలకు పిలిచి గొంతు తగ్గించారు. "చూడండర్రా, ఏది చూసినా ఒకటే మాట. 'గమనించితిమి.' అంతకుమించి ఒక్క అక్షరం వద్దు. భుజంగరావు గారు మన మనిషే, కానీ ఆయన కన్ను మన కన్ను కాదు."

వాళ్ళను తిప్పడానికి వచ్చిన గైడు పేరు మతీయా. ఎండకి ముక్కు ఎర్రబడ్డ పొడుగాటి మనిషి. తన దేశాన్ని సొంత పిల్లను పెళ్ళిచూపుల్లో చూపించినట్టు చూపిస్తాడు. నేరుగా వాళ్ళను బ్లెడ్ సరస్సు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆకుపచ్చటి నీళ్ళు, నీళ్ళ మధ్య ఒక చిన్న దీవి, దీవి మీద చర్చి, కొండకొమ్మున కోట, వెనకాల మంచుకొండలు. మతీయా చేతులు కట్టుకుని పక్కకు జరిగి, ఇప్పుడు చూడండి అన్నట్టు నిలబడ్డాడు.

భుజంగరావు సరస్సుకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆయన చూడవలసింది మొహాలు. సరస్సు కాదు.

నాలుగు మొహాలూ బిగుసుకుపోయాయి. ఎలక్ట్రికల్ ఇంజినీరు కింది పెదవి వణికింది గానీ పళ్ళు బయటపడలేదు. చివరికి చక్రపాణి గారు గట్టిగా గొంతు సవరించుకున్నారు.

"గమనించితిమి."

"నచ్చలేదా?" అన్నాడు మతీయా, వచ్చీరాని ఇంగ్లీషులో.

"నీటిమట్టం తగినంత ఉన్నది. దీవి ఉండవలసినచోటే ఉన్నది."

మతీయా మొహం వాడిపోయింది. ఇంతవరకూ ఆ సరస్సు చూసి ఇలా అన్నవాళ్ళు అతనికి తగల్లేదు. మనసు మారుతుందేమోనని ఒడ్డునున్న హోటల్లో ఆ ఊరి పేరుమోసిన మీగడ కేకు తెప్పించాడు. పైనా కిందా కరకరలాడే పొర, మధ్యలో చేతివేలంత ఎత్తు మీగడ. చక్రపాణి గారు కషాయం తాగేవాడి మొహంతో నోట్లో పెట్టుకున్నారు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"ఏమిటండి అది?" అన్నాడు భుజంగరావు.

"పొరమారిందండి," అన్నారు చక్రపాణి గారు. అని, ఇంకో ముక్క కూడా పొరమార్చుకున్నారు.

మర్నాడు సోచా నది. పచ్చరాయి రంగు నీళ్ళు తెల్లటి బండల మధ్య నుంచి దూకుతూ వస్తాయి. గాలితో నింపిన రబ్బరు పడవలో ఎక్కించి ఆ సుడుల్లోంచి తీసుకుపోతారు. అందరూ లైఫ్ జాకెట్లు తొడుక్కున్నారు. భుజంగరావు పడవ ముందు భాగంలో, నదికి వీపు పెట్టి, బృందం మొహాలకేసి తిరిగి కూర్చున్నాడు.

మతీయా కంగారుపడ్డాడు. "అలా కూర్చుంటే మీకు నది కనబడదండీ!"

"నది నా పరిధిలోకి రాదు," అన్నాడు భుజంగరావు.

పడవ కదిలింది. మొదటి సుడి దగ్గర పడవ లేచి పడింది. నలుగురూ ఒక్కసారిగా కేకపెట్టారు. భుజంగరావు ఇరుకునపడ్డాడు. కేక భయంతో కూడా వస్తుంది. భయం మీద నిషేధం లేదు. మొహాలు చూద్దామంటే వాటి నిండా నీళ్ళు. ఒడ్డుకు రాగానే చక్రపాణి గారు బట్టలు పిండుకుంటూ దగ్గరికొచ్చారు.

"భుజంగరావు గారూ, నాకేమీ కలగలేదండి. మీరు రాసుకోండి. కాకపోతే ఆ పెద్ద సుడి దగ్గర నీళ్ళు కళ్ళలో పడి అధ్యయనం సరిగ్గా జరగలేదు. పునఃపరిశీలన అవసరం."

పునఃపరిశీలన జరిగింది. ఆ తర్వాత, మొదటి పరిశీలనకూ రెండో పరిశీలనకూ తేడా తెలియాలంటే తులనాత్మక పరిశీలన తప్పదన్నారు. ఇంజినీర్లిద్దరూ తలూపారు. తులనాత్మక పరిశీలనలో చక్రపాణి గారు పెట్టిన కేకకి అవతలి కొండ మీది మేకలు తలెత్తి చూశాయి.

భుజంగరావు హెడ్డాఫీసుకు సందేహం పంపాడు. కేకను ఏ పద్దు కింద చూపాలి? మామూలుగా మన హెడ్డాఫీసు జవాబివ్వడానికి ఒక వర్షాకాలం పడుతుంది. ఇది ఆనందానికి సంబంధించిన విషయం కాబట్టి మర్నాటికే జవాబొచ్చింది. 'కేక వేసిన అధికారి, భయము తొలగిన పిమ్మట, మరల ఎక్కుటకు కోరినచో సదరు కేక ఆనందజన్యమని భావించవలెను. ఇదివరకటి కేకలు మన్నింపబడినందున, ఇట్టి ప్రమాదములు ఇకమీదట జరుగకుండ ముందుజాగ్రత్తగా, రమణీయ స్థలములన్నింటియందు బృందము పెండింగు ఫైళ్ళను బిగ్గరగా చదువవలెను.'

చక్రపాణి గారికి మొదటి వాక్యం చదివి చెమటలు పట్టాయి. రెండో వాక్యం చదివి ప్రాణం లేచొచ్చింది. "తప్పు మన్నించండి, ఇకనుంచి చూడండి, ఫైళ్ళతో ఊపిరాడనివ్వను ఎవరికీ!" అన్నారు.

ఆ మధ్యాహ్నం మతీయా వాళ్ళను ఒక జలపాతం దగ్గరికి తీసుకెళ్ళాడు. కొండ చీల్చుకుని దూకుతున్న నీళ్ళు, నీటి తుంపరల్లో ఇంద్రధనుస్సు. బృందం జలపాతానికి ఎదురుగా వరసలో నిలబడింది. చక్రపాణి గారు సంచీలోంచి ఫైలు తీసి, నీటి హోరును మించిపోయే గొంతుతో మొదలుపెట్టారు.

"రిటైరైన వాచ్‌మన్ గారి పెన్షను విషయము! పైన ఉదహరించిన సూచికను పురస్కరించుకుని...!"

"పురస్కరించుకుని!" అన్నారు ఇంజినీర్లు.

పక్కనున్న జర్మనీ యాత్రికులు ఇదేదో భారతదేశపు జలదేవత పూజ అనుకున్నారు. టోపీలు తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక ముసలావిడ కళ్ళు మూసుకుంది. పేరాలు పూర్తయ్యాక ఆవిడ వచ్చి చక్రపాణి గారి చెయ్యి పట్టుకుని, ఇంత శాంతి తనకు ఎప్పుడూ దొరకలేదని చెప్పింది. ఆయన గమనించితిమి అన్నారు.

మతీయా ఇదంతా ఒక బండ మీద కూర్చుని చూశాడు. తన దేశంలో ఏదో లోపం ఉందని అతనికి నమ్మకం కుదిరిపోయింది. రాత్రి భోజనం దగ్గర పుష్పలతను పక్కకు పిలిచి, "రేపు కొండెక్కిస్తాను. మా త్రిగ్లావ్ శిఖరం ఎదురుగా కనిపించే చోటు. అది కూడా మీకు బాగోలేదంటే నేనీ పని మానేసి మా మేనమామ దగ్గర ట్రాక్టరు నడుపుకుంటాను" అన్నాడు. బాగుందయ్యా, మహా బాగుంది అని చెబుదామని ఆమెకు నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురు బల్ల దగ్గర భుజంగరావు మజ్జిగ లాంటిదేదో తాగుతూ ఆమె మొహంకేసే చూస్తున్నాడు. మాట మింగేసింది.

పొద్దున్నే నడక మొదలైంది. బోహిన్ సరస్సు మీదుగా పైకి పోయే బాట. రాళ్ళ మీద ఎర్రటి వలయమూ, దాని మధ్యలో తెల్లచుక్కా వేసి దారి గుర్తులు పెట్టారు. దేవదారు చెట్ల కింద నేల మెత్తగా ఉంది. ఎక్కడి నుంచో ఆవుల మెడగంటలు వినిపిస్తున్నాయి. చక్రపాణి గారు రొప్పుతూ ముందు నడుస్తూ సీనియారిటీ జాబితా చదువుతున్నారు. పుష్పలత వెనకబడి భుజంగరావు పక్కకు వచ్చింది.

"సార్, ఒక మాట అడగనా?"

"ఫైలు గురించేనా?"

"ఫైలు గురించే. ఈ దారి బాగుందని నేను రాయకపోతే మా దారి రాదు సార్. బాగుందని రాస్తే నాకు ఆనందం కలిగినట్టు లెక్క, మీరు నా మీద రాస్తారు. ఆనందపడ్డ మనిషి రిపోర్టు చెల్లదని ఫైలు ఎలాగూ మూసేస్తారు." కోపం వచ్చేసరికి ఆమెకు ఊరి మాట వచ్చేసింది. "ఇంక నానేటి రాయాల సార్? మీరే సెప్పండి."

ఆ ప్రశ్నకు జవాబు ఏ నిబంధనలోనూ లేదని భుజంగరావుకు తెలుసు.

"నిబంధన ప్రకారం రాయండమ్మా," అన్నాడు.

"మా చిన్నపిన్ని రోజూ ఆ రగ్గులు ఎండలో వేసి మళ్ళీ మడతపెడతంది సార్. వచ్చేవోళ్ళకి ముక్కవాసన రాకూడదంట." అని ముందుకు వెళ్ళిపోయింది.

ఆడిట్‌లో భుజంగరావు ఎన్నో ఫైళ్ళు మూయించాడు. మూసిన ఫైలుకు అవతల రగ్గులు ఎండబెట్టే మనిషి ఒకతె ఉంటుందని ఎవరూ ఆయనతో అనలేదు. చెడ్డ ఇబ్బందిగా అనిపించింది. ఇబ్బంది మీద నిషేధం లేదు కాబట్టి దాన్ని అలాగే మోసుకుంటూ పైకెక్కాడు.

పైకి చేరేసరికి మంచు కమ్మేసింది. చేయి చాపితే చేయి కనబడదు. సరస్సు లేదు, శిఖరం లేదు, లోకమే లేదు. మతీయా ఒక రాతి మీద కూలబడి రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు.

చక్రపాణి గారికి మాత్రం పట్టలేనంత ఊరట కలిగింది. "ఏమీ కనబడటం లేదు! దృశ్యము శూన్యము! రాసుకోండి భుజంగరావు గారూ!" అన్నారు. ఆ ఊరటలో నాలుగు పళ్ళు బయటపడబోతే చటుక్కున ఫైలు అడ్డం పెట్టుకున్నారు. ఇంజినీర్లు శూన్యం అని తలూపారు. పుష్పలత ఒక్కతే మంచులోకి చూస్తూ నిలబడింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఆనందబాష్పాలు కావని భుజంగరావుకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆయన అలవాటు ప్రకారం కొండకు వీపు పెట్టి, నలుగురి మొహాలకేసి తిరిగి నిలబడ్డాడు.

అప్పుడు గాలి వీచింది. నలుగురి మొహాల మీదా ఒకేసారి వెలుతురు పడింది. చక్రపాణి గారి చేతిలో ఫైలు కిందికి జారింది, ఆయన దాన్ని తీసుకోలేదు. ఇంజినీర్లు తలూపడం మర్చిపోయారు. పుష్పలత నోరు తెరుచుకుని ఉండిపోయింది. మతీయా తలెత్తి, లేచి నిలబడ్డాడు. భుజంగరావు ఎన్నో మొహాలు చదివాడు. దొంగ బిల్లు పెట్టినవాడి మొహం, పెట్టబోయేవాడి మొహం కూడా చదవగలడు. ఈ మొహాలు మాత్రం ఏ పద్దు కిందికీ రాలేదు. వీళ్ళకు ఏమైంది? ఏం చూస్తున్నారు? కారణం తెలియకుండా రిపోర్టు ఎలా రాయాలి?

అందుకని, కేవలం విధి నిర్వహణలో భాగంగా, వెనక్కి తిరిగాడు.

మంచు రెండుగా విడిపోయింది. కింద ఎక్కడో పాతాళంలో సరస్సు నీలంగా మెరుస్తోంది. ఎదురుగా త్రిగ్లావ్, మూడు తలలతో, తెల్లగా, ఆకాశమంత ఎత్తున నిలబడి ఉంది. దాని వెనక కొండలు, వాటి వెనక ఇంకా కొండలు. ఇన్ని రోజులూ వీపు వెనక ఇదా ఉంది? ఇదా?

"ఓరి నాయనో!" అన్నాడు భుజంగరావు.

ఆ ధ్వని ఉత్తర్వులో లేదు. కానీ వెంటనే ఆహా వచ్చింది. ఓహో వచ్చింది. ఆ తర్వాత పళ్ళు వచ్చాయి. పాపం, చాలా మంచి పళ్ళు, ఎప్పుడూ వాడలేదు కదా. ఆయన నవ్వుతున్నాడు. పక్కటెముకలు పట్టుకుని, వంగి, మళ్ళీ లేచి, పసిపిల్లాడిలా మతీయా భుజం చరుస్తూ, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నవ్వుతున్నాడు. నలుగురూ కొండను వదిలేసి ఆయన్ని చూశారు. ఆ కొండ రేపు కూడా ఉంటుంది, ఇది మళ్ళీ చూస్తామో లేదో! తర్వాత వాళ్ళూ ఆగలేకపోయారు. చక్రపాణి గారి నవ్వు అన్నిటికన్నా పెద్దది. మతీయా ఏడ్చేశాడు. మేనమామ ట్రాక్టరుకు వేరే మనిషిని చూసుకోవలసిందే.

దిగేటప్పుడు అందరికీ భయం పట్టుకుంది. చక్రపాణి గారు భుజంగరావు చెయ్యి పట్టుకున్నారు. "ఇదిగో, మీరు మాకేసి వీపు పెట్టారు కాబట్టి మా నవ్వులు మీరు చూడలేదు. మీ నవ్వు మేం చూశాం, కానీ చూడలేదంటాం. మచ్చలేని మనిషి మీరు. జాయింట్ డైరెక్టర్ కాబోతున్నారు. పైన మంచు తప్ప ఏమీ లేదని రాసెయ్యండి, అందరం చల్లగా ఉంటాం."

"మరి పుష్పలత ఫైలు?" అన్నాడు భుజంగరావు.

చక్రపాణి గారు నేలకేసి చూశారు. "అది... మూత పడుతుంది. అయ్యో పాపం అనుకుందాం."

భుజంగరావు ఆ రాత్రి హోటల్లో రిపోర్టు రాశాడు. 'బృంద సభ్యులకు ఆనందము కలిగినట్లు నేను చూడలేదు. నాకు కలిగినది. కారణము: కాలిబాట.'

సచివాలయం అట్టుడికిపోయింది. పరిశీలకుడికే కలిగిందట! విచారణ నరహరిశాస్త్రి గారే స్వయంగా చేపట్టారు. పెద్ద బల్లకు ఒక చివర ఆయన, ఇంకో చివర భుజంగరావు. గోడ పక్కన కుర్చీల్లో చక్రపాణి గారూ పుష్పలతా. పుష్పలత చేతులు ఒళ్ళో గట్టిగా ముడుచుకుని కూర్చుంది.

శాస్త్రి గారు కళ్ళజోడు సర్దుకున్నారు. భుజంగరావు అంటే ఆయనకు లోపల ఎంతో గౌరవం. అలాంటి మొహం శాఖకు మళ్ళీ దొరకదు.

"భుజంగరావు గారూ, సదరు స్థలమందు శీతలము అధికముగా ఉన్నదని డైరెక్టరు గారు తెలియజేసినారు. శీతలమునకు దవడ కండరములు బిగిసి, పళ్ళు బయటపడుట కద్దు అని వైద్యాధికారి ధ్రువీకరణము కూడ జతచేసినారు. కావున, తమకు కలిగినది ఆనందము కాదు, దవడ పట్టివేత. అవునా?"

చక్రపాణి గారు వెనక నుంచి అవునని చెప్పండి అని ఆత్రంగా సైగలు చేశారు.

"దవడ పట్టివేత అయితే, కాలిబాట ఆకర్షించిందని రుజువు ఉండదు కదండీ?" అన్నాడు భుజంగరావు.

"ఉండదు. సదరు ఫైలు మూయబడును. తమ రికార్డు నిర్మలముగా ఉండును. జాబితాలో తమ పేరు పదిలముగా ఉండును."

"ఆనందమే అయితే?"

"రుజువు ఉండును. జాబితాలో తమ పేరు ఉండదు." శాస్త్రి గారు ముందుకు వంగి, మామూలు మనిషి గొంతుతో అన్నారు. "ఎందుకొచ్చిన గొడవయ్యా? ఒక్క మాట చెప్పెయ్యి. పొరపాటున కలిగింది, వెంటనే తగ్గిపోయింది అను. పోనీ అదైనా అను."

భుజంగరావు పుష్పలత వైపు చూడలేదు. చూస్తే ఆమె కోసం అన్నాడంటారని. నిజం ఎవరి కోసమూ అననక్కర్లేదని ఆయన ఆడిట్‌లో నేర్చుకున్నాడు.

"లేదండి. ఆనందమే," అన్నాడు. "ఇంకా తగ్గలేదు."

ఆ మాట అంటుంటేనే ఆయన మొహం మళ్ళీ విచ్చుకుంది. శాస్త్రి గారు అటు చూడలేక ఫైలులోకి చూశారు. ఉత్తర్వు అక్కడికక్కడే చెప్పి రాయించారు. నవ్వెరగని అధికారికి నవ్వు వచ్చినందున కాలిబాట ఆకర్షణశక్తి స్వానుభవముతో రుజువైనది, కావున పనసగెడ్డ నడకదారి మంజూరు చేయబడినది. అదే నవ్వు నేరమైనందున సదరు అధికారి పేరు జాబితా నుండి తొలగింపబడినది. ఒకే సాక్ష్యం కాబట్టి రెండూ ఒకే కాగితం మీద వచ్చాయి.

పుష్పలత వరండాలోకి వచ్చి ఫోనులో, "పిన్నీ, ఒచ్చేసింది! మన దారి ఒచ్చేసింది! ఆ రగ్గులు ఇంక మడతెట్టకు, పరిచెయ్యి!" అని అరిచింది. సెక్షన్లలోంచి మనుషులు తొంగి చూశారు.

ఆమె భుజంగరావు కోసం చూస్తే ఆయన ఇంకా బయటికి రాలేదు. శాస్త్రి గారు అందరూ వెళ్ళేదాకా ఆగి, తలుపు వేయించి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"విచారణ అయిపోయింది. ఇది రికార్డులోకి రాదు. చెప్పవయ్యా, అక్కడ ఎలా ఉంటుంది?"

భుజంగరావు చెప్పడం మొదలుపెట్టాడు. మంచు ఎలా కమ్మిందో, నలుగురి మొహాల మీద వెలుతురు ఎలా పడిందో, తను ఎలా వెనక్కి తిరిగాడో చెప్పాడు. మంచు రెండుగా విడిపోయిన దగ్గరికి వచ్చేసరికి, ఉత్తర్వు రాసిన నరహరిశాస్త్రి గారు రెండు చేతులతో నోరు కప్పుకున్నారు.